పద్నాలుగు ముడుల తమ్ముడు

నమోదు 301
గాడ్పు. నీళ్లు సరిపోయాయి. వాన: లేదు. కొత్త ముడులు: లేవు.

పొద్దున్నే పిల్లల తాళ్లు చూశాను. తుఫాను షెల్టరులో ఉండే పిల్లలందరిలోకీ పొడుగుదాన్నని ఈ పని నాకు అంటగట్టారు, ఈ నమోదు రాసే పనితో సహా. ఒక్కొక్కరి చొక్కా ఎత్తి మొలతాడు అరిగిందేమో చూడాలి. అరిగితే ఒంటిమీద ఉండగానే పక్కన కొత్త పోగు పెట్టి పేనాలి. తెగనివ్వకూడదు. తెగితే మనిషి మళ్లీ మొదలు, అప్పుడే పుట్టినట్టు లెక్క.

ఇవాళ బేబమ్మ తాడు కిటికీ మేకుకు తగులుకుంది. రెండు పోగులు పుటుక్కుమన్నాయి, మూడోది నిలబడింది. పిల్లలంతా ఒకటే గోల. వాళ్లమ్మ కరకట్ట మీది పని వదిలేసి ఎండలో పరుగెత్తుకొచ్చి, తాడు తడిమి, ముడులు సరిచూసుకుని, అప్పుడు దాని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఉన్న మూడు ముడులూ నీకు ఎక్కువైనయ్యా? మళ్లీ పుడతావంటే మళ్లీ?" అంది. ఆ పిల్ల ఏడుపు ఆపడానికి నా వంతు బెల్లంముక్క సమర్పించుకోవాల్సి వచ్చింది.

నాకు తొమ్మిది ముడులు. ఒంటికి పదహారేళ్లు ఉంటాయని అమ్మ అంటుంది. షెల్టరు చాప మీద పడుకుంటే మోకాళ్ల కింద నుంచి అంతా నేల మీదే ఉంటుంది. అయినా తాడు తొమ్మిదంటే తొమ్మిదే. పన్నెండు పడేదాకా నేను పిల్లనే. ఎండలోకి వెళ్లకూడదు, పెద్దల కూటంలో నోరెత్తకూడదు, పిల్లల ముక్కులు తుడుచుకుంటూ ఇక్కడే పడుండాలి. చూరు నుంచి నీళ్లు కారితేనే అది వాన. అప్పుడు బూర ఊదుతారు, అందరం బయటికొచ్చి తడుస్తాం, తడిసిన తాడుకు పెద్దవాళ్లు ముడి వేస్తారు. చూరు కారక ఎంతకాలమైందో, బేబమ్మకైతే వాన వాసన కూడా గుర్తులేదు.

రేపు ఉప్పు పడవలో తమ్ముడు వస్తున్నాడు. నాంచారయ్య, ఇంట్లో నాంచారి. చిన్నప్పుడు వేడికి వాడికి ఫిట్స్ వచ్చేవి. ఇక్కడుంటే దక్కడని అమ్మ వాణ్ని పిన్నితో మన్యం కొండలకు పంపింది, అక్కడ చల్లగా ఉంటుందని. ఇప్పుడు కొండ జారి పిన్ని పోయింది. వీడొక్కడే వస్తున్నాడు. అమ్మ రెండు రోజుల నుంచి ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. ఏ ముఖంతో ఎదురెళ్లాలో నాకూ తెలియడం లేదు.

నమోదు 302
గాడ్పు తగ్గింది, ఉక్క. వాన: లేదు. కొత్త ముడులు: లేవు. కానీ పద్నాలుగు పాతవి వచ్చాయి.

ఏం రాయాలో అర్థం కావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పడవ దిగినవాణ్ని నేనే ముందు గుర్తుపట్టాను. నా భుజం దాకా కూడా రాలేదు. చెవులు మాత్రం నాన్నవే, అటొకటి ఇటొకటి నిలబడి ఉన్నాయి. అమ్మ వాణ్ని పట్టుకుని వదలదు. బయటి నుంచి వచ్చినవాళ్ల తాడు అందరి ఎదుటా లెక్క పెట్టడం ఇక్కడి పద్ధతి కాబట్టి కట్టపెద్ద మోషే తాత వంగి వాడి చొక్కా ఎత్తాడు. వేలితో ఒక్కో ముడీ జరుపుకుంటూ పోయాడు. చివరికొచ్చాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"పద్నాలుగు," అన్నాడు.

మోషే తాత చొక్కా కిందికి దించి, దుమ్ము దులిపి, చేతులు జోడించాడు. "రండి నాంచారయ్యగారూ," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మాయ్, అట్టా నిలబడి చూత్తావేంది? అన్నకి చెంబు అందియ్యి," అన్నాడు.

ఏ అన్నకా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనకాల సముద్రం తప్ప ఏమీ లేదు.

నాకు తొమ్మిది, వాడికి పద్నాలుగు. లెక్క ప్రకారం వాడు నాకు అన్న. వాడి ముక్కు తుడిచింది నేను, నడక నేర్పింది నేను, చెరువులో పడబోతే జుట్టు పట్టుకుని లాగింది నేను. "వీడు నా తమ్ముడు తాతా!" అన్నాను. "నిన్నటిదాకా," అన్నాడు మోషే తాత. ఆ మాట వినగానే నాంచారి ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నమోదు 304
ఉక్క. నీళ్లు తక్కువ. వాన: లేదు. కొత్త ముడులు: లేవు.

నిన్న రాయలేదు. నిన్నంతా అన్నగారికి సేవ చేయడంతోనే సరిపోయింది.

ముందు వాడికి గంజి పోయాలట, తర్వాత నాకు. ఇంట్లో నాన్న పీట ఉంది. నాన్న కట్ట మీద వడదెబ్బకు పోయినప్పటి నుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదు. వాడు దాని మీద కూర్చున్నాడు, కాళ్లు నేలకు ఆనీ ఆనకుండా. "అంకాలూ, ఇంకొంచెం ఉప్పు," అన్నాడు. అక్కా అనలేదు, అంకాలూ అన్నాడు! నేను ఉప్పు గిన్నె తెచ్చి వాడి ముందు టంగుమని పెట్టాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో చెప్పలేను.

తర్వాత వాడు నోట్లో వేలు పెట్టి ఒక కోరపన్ను ఊపుకుంటూ కూర్చున్నాడు. పాలపన్ను. ఇంకా ఊడలేదు. పద్నాలుగు ముడుల మగమనిషికి పాలపన్ను!

"ఇన్ని ముడులు ఎట్టా పడినయ్‌రా నీకు?" అని అడిగాను.

"అక్కడ వాన ఆగితేగా," అన్నాడు.

చొక్కా ఎత్తి చూపించాడు. మొదటి రెండూ ఇక్కడివి, అమ్మ వేసినవి. మిగతావన్నీ పిన్నివి. వాడికి ప్రతి ముడికీ ఒక పేరుంది. ఇది మేకలు కొట్టుకుపోయిన వాన. ఇది బడి కూలిన వాన. ఇది మూడు పూటలు చెట్టు మీదే కూర్చున్న వాన. ఇది పక్కింటి పాపాయి దొరకని వాన. కొండల్లో చూరు కారని రోజే లేదట. ప్రతి వానకీ ముడి వేస్తే తాడు చాలదని, ఇల్లు విడిచి పరుగెత్తాల్సి వచ్చిన వానలకే పిన్ని వేసింది. పరుగెత్తినప్పుడల్లా ఒకటి. చివరి ముడి సగమే బిగిసి ఉంది. "కొండ జారేప్పుడు యేసింది. యేసి నన్ను బయటికి తోసేసింది," అన్నాడు. ఆ ముడిని ముట్టుకోనివ్వలేదు.

నేను లేచి కిటికీకి గోనెపట్టా సరిచేస్తున్నట్టు నిలబడ్డాను. వాడి మీద ఉన్న కోపమంతా ఎటో పోయింది, దాని చోట ఏమొచ్చిందో తెలియలేదు. ఇక్కడ వాన రాక నేను పెరగలేదు. అక్కడ వాన ఆగక వాడు పెరిగిపోయాడు. ఇద్దరం ఒకే అమ్మ పిల్లలం. ఇదెక్కడి లెక్క?

అమ్మ ఒకటే మాటంది. "ఆ పిచ్చిది ప్రతి వానకీ యేసున్నా బాగుండేది. మోషే తాత కంటే ముసలోడయ్యేవోడు. ముసలోళ్లకి పని లేదుగా." ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

నమోదు 305
ఎండ. చాలా ఎండ. వాన: లేదు. కొత్త ముడులు: లేవు.

ఇవాళ అర్థమైంది.

పొద్దున మోషే తాత మా గుమ్మం ముందుకొచ్చాడు. దక్షిణం వైపు కట్ట కారుతోంది. సముద్రం అటునుంచి తడుముతోంది. పన్నెండు ముడులు పడిన ప్రతి మనిషీ రావాలి. పంపులు ఎండకే తిరుగుతాయి కాబట్టి బురద తోడేదీ ఎండలోనే, కట్ట మీద పోసేదీ ఎండలోనే. ఎండ ఎంత మండితే పంపు అంత బురద కక్కుతుంది, మనుషులు అంత పరుగెత్తాలి. "నాంచారయ్యగారూ, మీ నాన్న చోటు ఖాళీగా ఉంది," అన్నాడు.

వీడు నాన్న తలగుడ్డ చుట్టుకుని అప్పటికే తయారు!

"వాడికి ఎండ పడదు తాతా," అంది అమ్మ. "మూర్ఛలొచ్చేవి. మీకు తెలుసుగా."

"పిల్లోడప్పుడు కోటమ్మా. ఇప్పుడు పెద్దోడాయె."

"వాడికి ఇంకా పాలపళ్లు ఊడలేదు!" అని అరిచాను నేను. కూటంలో నోరెత్తకూడదు గానీ గుమ్మంలో ఎత్తొచ్చుగా. "పన్ను ఊగుతోంది, కావాలంటే చూడండి!"

మోషే తాత నా వైపు చూసి, తన ముందు పన్ను వేలితో పట్టుకుని ఊపి చూపించాడు. "నాకూ ఊగుతన్నయ్ అమ్మాయ్. పళ్లని బట్టి లెక్కేత్తే నేనూ పిల్లోణ్నే."

అందరూ నవ్వారు. నాంచారి కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

నమోదు 306
ఎండ. వాన: లేదు. కొత్త ముడులు: లేవు.

నాంచారి సాయంత్రం కందిపోయి వచ్చాడు. మెట్ల మీదే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని, "పదిసార్లు తట్ట మోశా. మోషే తాత నా భుజం తట్టాడు," అన్నాడు. నేను వాడి వీపుకు తడిగుడ్డ వేస్తుంటే, "అన్నా అని పిలవ్వేం?" అన్నాడు.

"పిలుస్తా. ముందు నీ పన్ను ఊడనియ్యి."

అంత నీరసంలోనూ నన్ను తన్నడానికి కాలు ఎత్తాడు. తర్వాత అలాగే నిద్రపోయాడు, కాలు నా ఒళ్లో పెట్టి.

వీడికి ఇదంతా ఇష్టమే. అదే నాకు మింగుడు పడడం లేదు. కొండ కింద ఎవరూ లేకుండా మిగిలినవాడికి ఇక్కడ అందరూ నమస్కారం పెడుతున్నారు మరి. వద్దురా అంటే నాకు కుళ్లు అంటాడు. అబద్ధమెందుకు, కొంచెం కుళ్లే. నేను ఎన్నేళ్లుగానో పెద్దదాన్ని కావాలని చూస్తుంటే వీడు తడిసి తడిసి అయిపోయాడు. కానీ కుళ్లు వేరు, భయం వేరు. ఏది ఏదో విడదీయలేకపోతున్నాను.

నమోదు 307
ఎండ. వాన: లేదు. కొత్త ముడులు: లేవు.

మోషే తాత దగ్గరికి వెళ్లాను. ఆయన మొలతాడు నడుముకు నాలుగు చుట్లు తిరిగి ఉంటుంది, దాన్ని సర్దుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

"వాడి బదులు నన్ను తీసుకోండి తాతా. నాకు బలముంది. వాడి తట్టలు రెండు ఒకేసారి మోస్తా."

"నువ్వు పిల్లవి."

"పిల్లనా? ఒకసారి నన్ను చూసి చెప్పండి!"

ఆయన చూడలేదు. "చూసి చెప్పడం మొదలెడితే ఇంకేమన్నా ఉందా? పెద్ద తుఫానప్పుడు కాయితాలన్నీ పోయినయ్. ఎవురు ఎప్పుడు పుట్టారో ఎవురికీ తెలవదు. నా కొడుకు చిన్నోడంటే నా కొడుకు చిన్నోడని తలలు పగలగొట్టుకున్నారు. అప్పుడే అనుకున్నాం, ఏడాదికి ఒక వానాకాలం, వానాకాలానికి ఒక ముడి. అందరి ముందూ పడిద్ది, అబద్ధం ఉండదు."

"అప్పుడు వానంటే ఏడాది. ఇప్పుడు కాదుగా! మాకు వాన రాక పెరగట్లేదు, వాడికి వాన ఆగక పెరిగాడు. మీకు తెలీదా?"

ఆయన తాడు సర్దడం ఆపాడు. "తెలుసమ్మా," అన్నాడు. "తెలిసి ఏం చెయ్యను? నువ్వు తొమ్మిదైనా పంపుతానంటే రేపు బేబమ్మ మూడైనా పంపమంటారు. కట్ట తెగితే ముందు మునిగేది ఆ షెల్టరే. ఇంకో దారి ఉంటే చెప్పు."

తిరిగి వచ్చేశాను. ఆయన్ని తిట్టుకుందామనుకున్నాను గానీ తిట్టు కూడా కుదరలేదు.

నమోదు 309
ఎండ. వాన: లేదు.

నాంచారికి చెమట పట్టలేదు.

రాత ఎలా వస్తోందో చూసుకోవడం లేదు. మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వాణ్ని మోసుకొచ్చి షెల్టరు మెట్ల మీద పడుకోబెట్టారు. ఒళ్లు కాలిపోతోంది, ఒక్క చుక్క చెమట లేదు. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాడు గానీ నన్ను చూసి, "పిన్నీ, కొండ కదులుతుంది, పద," అన్నాడు. నాన్నకూ ఇలాగే. ఆ రోజు నాన్నకూ చెమట పట్టలేదు. ఆ రోజు నాన్న నన్ను వాళ్లమ్మ అనుకున్నాడు.

కిటికీలకున్న గోనెపట్టాలన్నీ పీకి వాడి మీద కప్పాను. తాగే నీళ్ల కుండలు మూడు వాడి మీదే పోశాను. పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి చాపలతో విసరమన్నాను. బేబమ్మ కూడా విసిరింది, ఏడుస్తూ. ఎంతకీ తేరుకోలేదు. అమ్మ వచ్చి వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న దగ్గర కూడా అమ్మ ఇలాగే కూర్చుంది.

పొద్దుగూకేటప్పుడు వాడి నుదుటి మీద తడి కనబడింది. నేను పోసిన నీళ్లేమోనని తుడిచాను. మళ్లీ వచ్చింది. చెమట! నా జన్మలో చెమటను చూసి అంత సంతోషపడతాననుకోలేదు.

మోషే తాత వచ్చి చూశాడు. రేపొక్క రోజు విశ్రాంతి అన్నాడు. ఆ తర్వాత? ఆ తర్వాత మళ్లీ కట్ట. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా అదే అన్నాడు. ఈసారి వెళ్తే వాడు తిరిగి రాడు. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, మోషే తాతకు కూడా తెలుసు. తెలియనిది వాడొక్కడికే.

నమోదు 310
మబ్బు పట్టి పోయింది. వాన: లేదు. కొత్త ముడులు: లేవు. కొత్త తాడు: ఒకటి.

ఇవాళ దీవెనమ్మ బిడ్డకు తాడు కట్టారు. పురుడు వచ్చిన వారానికి కడతారు. ముడి లేని తాడు. మోషే తాత బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఎప్పుడూ అడిగేదే అడిగాడు: "తాడు లేకుండా వచ్చాడు. ఎవరి ఒడి?"

"నా ఒడి," అంది దీవెనమ్మ.

అంతే, అయిపోయింది. దీవెనమ్మకు ఒంటికి ఇరవై దాటాయి గానీ తాడుకు పది ముడులే. నిన్నటిదాకా షెల్టరులో నా పక్క చాప. ఇవాళ్టి నుంచి పెద్దది. ఒడి ఉన్నది పిల్ల కాదు కదా. ఈ మాట ఎవరూ కాదనరు. చాప చుట్టుకుని వెళ్తూ నా బుగ్గ గిల్లింది.

నేను సాయంత్రం దాకా గోనెలు కోస్తూ కూర్చున్నాను. పిల్లలు ఏదో అడుగుతున్నారు, నేను ఏదో చెబుతున్నాను. బుర్రలో మాత్రం ఒకటే తిరుగుతోంది. తాడు లేకుండా వచ్చాడు. ఎవరి ఒడి? తాడు లేకుండా వచ్చాడు. ఎవరి ఒడి?

ఇది తప్పా? పిన్ని ముడులవి. వాడికి పిన్నివంటూ మిగిలినవి అవే. పైగా ఇక్కడ వాన ఎప్పుడొస్తుందని? మొదటి నుంచి మొదలుపెడితే వాడు ముసలివాడయ్యేదాకా పిల్లాడిగానే ఉండిపోవచ్చు. కూటంలో మాట ఉండదు, నాలాగే చాప బయట కాళ్లు పెట్టుకుని పడుండాలి. అది ఎంత నరకమో నాకంటే ఎవరికి తెలుసు? ఆ నరకంలోకి నా చేత్తో నేనే తోయాలా?

కానీ బతికుంటాడు. ఎటు నుంచి ఆలోచించినా చివరికి ఈ ఒక్క మాట దగ్గరికే వస్తున్నాను.

నమోదు 311
ఎండ. వాన: లేదు. ముడులు: పద్నాలుగు తగ్గాయి.

పొద్దున అందరూ కట్ట మీదికి వెళ్లే ముందు షెల్టరు మెట్ల దగ్గర చేరతారు. నాంచారి తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు, అయినా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. నేను గోనెలు కోసే కత్తి పట్టుకుని వాడి వెనక్కి వెళ్లాను. చొక్కా ఎత్తాను. వాడు నవ్వుతూ, "చక్కిలిగిలి పెట్టమాకే," అన్నాడు.

కోసేశాను.

ఒక్క చప్పుడు కూడా రాలేదు. తాడు వాడి కాళ్ల దగ్గర పడింది. వాడు కిందికి చూశాడు, నన్ను చూశాడు, అప్పుడు అరిచాడు. అలాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు. "నా ముడులు! పిన్ని ముడులు!" అని నేల మీద పడి తాడును గుండెకు పట్టుకున్నాడు. నా చెయ్యి కొరికాడు. కొరకనిచ్చాను.

జనమంతా గోల. ఎవరో నా జుట్టు పట్టుకున్నారు. మోషే తాత కర్ర నేలకు కొట్టి అందరినీ ఆపాడు. ఆయన ముఖం నల్లబడిపోయింది. "కట్టకి ఉన్న ఒక మనిషిని తీసేశావు. మళ్లీ ముడేసి కడతా. పద్నాలుగని ఇందరం చూశాం," అన్నాడు.

"తాడు తెగితే మళ్లీ మొదలు. ఆ మాట మీదే," అన్నాను. "మీక్కావాల్సింది ఒక మనిషేగా తాతా? మనిషినిస్తా. ముందు అడగాల్సింది అడగండి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అమ్మకు అయింది. అమ్మ ముందుకు ఒక అడుగు వేసింది, నోరు తెరిచింది. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ ఆగిపోయింది.

మోషే తాత చాలాసేపు నా వైపు చూశాడు. ఈసారి నన్ను నిజంగానే చూశాడు, తల నుంచి కాళ్ల దాకా. తర్వాత నేల మీద ముడుచుకుని ఏడుస్తున్న నాంచారిని చూశాడు.

"తాడు లేకుండా వచ్చాడు," అన్నాడు మెల్లగా. "ఎవరి ఒడి?"

"నా ఒడి," అన్నాను.

దీవెనమ్మ తన బిడ్డకు మిగిలిన తాడు ముక్క తెచ్చి ఇచ్చింది. నేను కట్టబోతే నాంచారి తన్నాడు, గిల్లాడు, నన్ను దయ్యం అన్నాడు. అమ్మ పట్టుకుంటే కట్టాను. వదలగానే పాత తాడు పట్టుకుని షెల్టరు లోపలికి పారిపోయాడు. నేను తట్ట తీసుకుని నాన్న చోటుకు వెళ్లాను. దారిలో అమ్మ నా పక్కన నడుస్తూ, "అయితే నేను అమ్మమ్మనన్నమాట," అంది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. తర్వాత అమ్మ కొంగుతో నా ముఖమూ తన ముఖమూ తుడిచింది.

నమోదు 316
ఎండ. వాన: లేదు. కొత్త ముడులు: లేవు.

పెద్దదాన్నైతే ఈ నమోదు నేను రాయకూడదు. రాసేవాళ్లు దొరికేదాకా రాయమన్నారు.

పెద్దరికం ఇలా ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అరచేతులు పగిలాయి. మధ్యాహ్నానికి కళ్ల ముందు నల్లచుక్కలు ఆడతాయి. అమ్మ గంటకోసారి నా మెడ తడిమి చెమట ఉందో లేదో చూస్తుంది, నేను అమ్మ మెడ చూస్తాను. కూటంలో నాకు చోటిచ్చారు. వెళ్లి కూర్చున్నాను, ఏం మాట్లాడాలో తోచక లేచి వచ్చేశాను.

నాంచారి మాట్లాడడు. షెల్టరులో నా పాత చాప మీదే పడుకుంటున్నాడు. వాడి కాళ్లు చాప లోపలే ఉన్నాయి, ఇంకా చాలా జాగా మిగిలింది. సాయంత్రం పక్కన కూర్చుంటే గోడవైపు తిరుగుతాడు. వాడికి నేను మొదట అక్కను, తర్వాత చెల్లెల్ని, ఇప్పుడు అమ్మను. వాడు మాత్రం ఏ పేరుతోనూ పిలవడం లేదు. నేను వాణ్ని కాపాడానో ముంచానో వాడే చెప్పాలి. వాడు చెప్పడు.

నమోదు 322

ఎండా వానా లెక్క ఇవాళ పైన రాయలేదు. చివర్లో రాస్తాను.

మధ్యాహ్నం ఒక్కసారిగా ఎండ పోయింది. పంపులు ఆగిపోయాయి. అందరం తట్టలు దించి పైకి చూశాం. నా మోచేతి మీద ఒక చుక్క పడింది, అమ్మ ముక్కు మీద ఒకటి. దుమ్ము వాసన లేచింది. ఎవరో బూర అందుకోబోతే మోషే తాత చెయ్యెత్తి ఆపాడు. అందరం షెల్టరు చూరు వైపు చూశాం. చూరు తడిసింది. తడిసి నల్లబడింది. కారలేదు. చినుకులు ఆగిపోయాయి.

నా గుండెలో ఏదో కూలినట్టయింది. నా కోసం కాదు.

అప్పుడు నాంచారి కట్ట మీద పరుగెత్తుకొస్తూ కనబడ్డాడు. ఎండలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఒక చేతిలో పాత తాడు, ఇంకో చెయ్యి పిడికిలి. నా ముందుకొచ్చి నిలబడి ఆయాసపడ్డాడు.

"చూరు కారలేదురా," అన్నాను.

"తెలుసు." పాత తాడు నా చేతిలో పెట్టాడు. చివరి ముడి ఇంకా సగమే బిగిసి ఉంది. "ఇది నువ్వు దాచు. నేను పెద్దయ్యాక ఇయ్యి."

ఎప్పుడు అవుతావురా అని అడగబోయాను. వాడు పిడికిలి విప్పాడు. అరచేతిలో కోరపన్ను, చివర కొంచెం రక్తంతో. నోరు తెరిచి చూపించాడు. పన్ను ఉండాల్సిన చోట బొక్క, ఆ బొక్కలోంచి ఎర్రటి చిగురులో తెల్లగా ఇంకొకటి పొడుచుకొస్తోంది.

"ఊడనియ్యి, అప్పుడు పిలుస్తానన్నావుగా," అన్నాడు. నవ్వాడా లేదా చెప్పలేను. "ఊడింది. ఇక నువ్వే పిలువు, ఏమని పిలుస్తావో. నేను మాత్రం నిన్ను అమ్మా అనను. అక్కా అనే అంటా."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. వాడి చొక్కా ఎత్తి, కొత్త తాడు పట్టుకుని, ఆ పన్ను మధ్యలో పెట్టి ముడి వేశాను. పన్ను జారుతుంటే మళ్లీ వేశాను. గట్టిగా బిగించాను. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. చూడనీ.

"ఏందది?" అన్నాడు మోషే తాత.

"ముడి," అన్నాను.

ఆయన చూరు వైపు చూశాడు, వాడి నోటి వైపు చూశాడు. తర్వాత నాలుకతో తన ఊగే పన్నును మెల్లగా తోసుకుంటూ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కాదనలేదు. మబ్బు తొలగింది, ఎండ మళ్లీ విరుచుకుపడింది, పంపులు కదిలాయి. "లోపలికి పోరా తమ్ముడూ," అన్నాను. వాడు పరుగెత్తాడు.

ఇది నా చేతి చివరి నమోదు. రేపటి నుంచి నాంచారి రాస్తాడు. వాడి అక్షరాలు కోడికాళ్లలా ఉంటాయి, చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

ఎండ. నీళ్లు సరిపోయాయి. వాన: లేదు. కొత్త ముడులు: ఒకటి.